ఊరి చెరువులో పురుగుమందు పోయడం ఆపించండి

సంపాదకుడు గారికి,

కొత్త చేపపిల్లలను వదిలే ముందు చెరువులోని పాత చేపలను తీసేయాల్సిందే, అందులో వాదన లేదు. కొరమీను, వాలుగ లాంటివి నాలుగు మిగిలినా వదిలిన పిల్లలు వాటికి మేతైపోతాయి. పరిగెలు పిల్లల్ని మింగకపోయినా మేతకూ ఆక్సిజన్‌కూ పోటీ వస్తాయి. నా అభ్యంతరమల్లా ఈ పని చేసే తీరు మీదే. లీజుదారులు కొందరు పొలానికి కొట్టే పురుగుమందు తెచ్చి నలుగురూ వాడుకునే చెరువులో కుమ్మరిస్తున్నారు. చేపలతో పాటు కప్పలు, నత్తలు, రేపు వదిలే చేపపిల్లలకు మేత కావాల్సిన సన్న నీటి పురుగులూ పోతాయి. పశువులు తాగేది ఆ నీళ్లే. తేలిన చేపల్ని ఏరుకెళ్లి వండుకునేవాళ్లూ ఉన్నారు!

వల లాగితే సరిపోదన్నది నిజమే. మూడోసారి వల ఖాళీగా వచ్చినా కొరమీను అడుగు బురదలో దూరి ఉంటుంది. అది పైగాలి కూడా పీల్చుకుంటుంది కాబట్టి నీళ్లు అడుగంటినా తడి బురదలో నెట్టుకొస్తుంది. అందుకే వీలున్న చోట గుంటల్లో నీళ్లతో సహా తోడేసి, నేల నెర్రెలిచ్చేదాకా ఎండగట్టడమే మేలు.

నీళ్లు తోడలేని చెరువుకి ఇప్పచెక్క, అంటే ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి, ఉంది. ఎకరం చెరువులో మీటరు లోతు నీటికి సుమారు 1,000 కిలోలు కావాలి. నీళ్లు సగానికి తగ్గించుకుంటే చెక్కా సగమే పడుతుంది. నానబెట్టి చెరువంతా చల్లితే కొన్ని గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, అప్పుడు వలేసి తీసేయాలి. అందులోని సపోనిన్ విషం రెండు మూడు వారాల్లో విరిగిపోతుంది, మిగిలిన చెక్క ఎరువవుతుంది. చెక్క దొరక్కపోతే అంతే నీటికి 140 కిలోల దాకా బ్లీచింగ్ పౌడర్ వాడొచ్చు, కానీ పాత బస్తాలో ఘాటు మిగలదు. ఏది వాడినా, కొన్ని పిల్లల్ని చిన్న వల తొట్టెలో ఉంచి ఒక రోజు చూశాకే మిగతావి వదలాలి. నీళ్లొచ్చే తూముకి సన్న జాలీ కట్టకపోతే మాత్రం ఈ శ్రమంతా దండగ, పాత చేపలు మళ్లీ నీటితోనే వచ్చేస్తాయి.

చెరువును లీజుకిచ్చేవారు పురుగుమందు వాడితే లీజు రద్దని ఒప్పందంలోనే రాయాలి. ఏం కలుపుతున్నారో, ఎప్పటిదాకా ఆ నీళ్లు ముట్టకూడదో ముందురోజే దండోరా వేయించి, గట్టున బోర్డు పెట్టించాలి.

– ఒక పాఠకుడు