మామా, ఈ రాతికొండల్లో నీళ్ళు చూశాను

మామా,

ఎట్లున్నావు? చీనీ తోట ఎట్లుంది? మొన్న ఫోన్లో "ఆ ఎడారి దేశంలో సెలవు దొరికితే ఏం చూస్తావురా, రాళ్ళు తప్ప?" అన్నావు. చెప్పాల్సింది బోలెడంత ఉండి ఒక్కటీ సరిగ్గా నోటికి రాలేదు. ఈ రోజు శుక్రవారం, డ్యూటీ లేదు. అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగు ఉత్తరమే, తీరిగ్గా చదువుకో.

రాళ్ళే మామా, కాదనను. ఇక్కడ ఒమాన్‌లో మస్కట్ ఊరి వెనకాల నుంచే మొదలవుతాయి. హజర్ పర్వతాలంటారు. పైన ముసందం నుంచి కింద సూర్ దాకా, సముద్రాన్ని ఒక పక్కన పెట్టుకుని దాదాపు 700 కిలోమీటర్లు. నిజ్వా పోయే హైవే మీద రెండు వైపులా గోధుమ రంగు గుట్టలు, నల్ల గుట్టలు. చెట్టూ లేదు, చేమా లేదు. ఆ గుట్టల సంగతి తెలిశాక మాత్రం ఆ దారిలో నాకు నిద్ర పట్టదు. అది సముద్రం అడుగున, ఆ నేల కింద కిలోమీటర్ల లోతులో ఉండాల్సిన రాయి. సుమారు 9.5 కోట్ల ఏళ్ళ కిందట మొదలై ఆ సముద్రపు నేల అరేబియా అంచు మీదికి ఎక్కి కూర్చుంది. సమాయిల్ ఓఫియోలైట్ అని దాని పేరు. ఇంత పెద్దగా, ఇంత స్పష్టంగా బయటపడింది ఇంకోటి లేదని ఎక్కడెక్కడి నుంచో భూగర్భ శాస్త్రవేత్తలు వస్తారు. రోడ్డు కోసం కోసిన చోట నల్లరాయిలో తెల్లటి నరాలు కనిపిస్తాయి. నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆ రాయి పట్టుకుని తనలో గడ్డకట్టించుకున్న గుర్తులవి. గాలిలో మనం వదిలే పొగను రాయిలో దాచొచ్చా అని ఇక్కడ పరిశోధనలు కూడా జరుగుతున్నాయి.

ఇది హైవే మీద ఏ కారులోనైనా చూడొచ్చు. నీకు రాయాలనుకున్నది దాని తర్వాతి సంగతి.

మా ఆఫీసులో ఒమానీ మిత్రుడొకాయన ఉన్నాడు, హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. వాళ్ళ నాయనమ్మది బలద్ సైత్ అనే ఊరు, కొండల నడి మధ్యలో. "నీ ప్రాడో తీసుకురా, నేను ముందు నా బండిలో పోతా" అన్నాడు. ఈ కొండల్లోకి ఒంటి బండితో పోకూడదు మామా. సిగ్నల్ ఉండదు, ఒకటి ఆగిపోతే ఇంకోటి లాగాలి. నా పక్కన మా రూంలో ఉండే అమలాపురం కుర్రాడు కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక కాలవల పక్కనే పెరిగినవాడు. వాడి సంగతి తర్వాత చెప్తా.

అల్ హమ్రా అనే ఊరు దాటాక కొండ ఎక్కాలి. దక్షిణం వైపు నుంచి ఎక్కేటప్పుడు అంతా ఏటవాలు. సున్నపురాయి పొరలు పలకలు పలకలుగా ఒక్క వాలుగా కిందికి జారి ఉంటాయి. మెలికల రోడ్డు, కానీ తారు రోడ్డే. పైన షరఫ్ అల్ అలమైన్ అనే చోట, సుమారు 2,000 మీటర్ల ఎత్తులో, శిఖరం అంచుకు వస్తాం. అక్కడ బండి దిగి రెండడుగులు వేసేసరికి అవతల నేల లేదు. ఉత్తరం వైపు కొండ నిట్టనిలువునా తెగిపోయి ఉంది. కింద లోయ, లోయలో ఇంకో లోయ, దాని అడుగున దారంలా మట్టి రోడ్డు. మన గండికోటలో అంచు మీద కూర్చుని పెన్నను చూస్తే కాళ్ళు జివ్వుమంటాయి కదా, ఆ లోతు 100 మీటర్లు. ఇక్కడ మనం దిగాల్సింది 1,000 మీటర్లు, అదీ బండితో.

మేం పోయినప్పుడు తారు అక్కడితో అయిపోయింది. మా మిత్రుడు బండి ఆపి, టైర్లలో గాలి తీయమన్నాడు. వాల్వ్ మూత విప్పి, చిన్న పుల్లతో నొక్కి పట్టుకుని, సుయ్యిమని పోతుంటే గేజీ పెట్టి చూసుకోవాలి. 35 ఉన్నదాన్ని 25కి తెచ్చాం. ఇసుక తిన్నెల మీదైతే 15, 18 దాకా దించుతారు. రాళ్ళలో అంత దించితే టైరు పక్క గోడ ఉబ్బి బయటికి వస్తుంది, ఈ సున్నపురాయి అంచులు కత్తుల్లాంటివి, అక్కడే కోసేస్తాయి. పక్క గోడ తెగితే పంచరు అతుకు పనిచేయదు, స్టెప్నీ ఒక్కటే గతి. తిరిగి తారెక్కగానే గాలి కొట్టుకోవడానికి, బ్యాటరీకి తగిలించుకునే చిన్న కంప్రెసర్ తెచ్చుకున్నాం.

తర్వాత బండిని "4L"లో, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే గేరులో వేసి, ఒకటో గేరులో వదిలేయడమే. యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు, బ్రేకు మీద కూడా ఉండకూడదు. ఇంజనే బండిని పట్టుకుంటుంది, మనిషి నడిచినంత వేగంతో దిగుతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, అరగంట సేపు బ్రేకు తొక్కుతూ దిగితే ప్యాడ్లు కాగి, బ్రేక్ ఆయిల్ మరిగి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అప్పుడు ఆపేది ఏదీ లేదు. నీ ట్రాక్టరుతో గుట్ట దిగే అనుభవం నీకుంది కాబట్టి నీకు వెంటనే పట్టుబడుతుంది. మలుపుల్లో ఎదురుగా బండి వస్తే ఎక్కేవాడికి దారి ఇవ్వాలి, దిగేవాడు కాస్త వెడల్పున్న చోట కొండవైపు ఒదిగి ఆగాలి. అందుకే దిగేటప్పుడు కళ్ళు రోడ్డు మీద ఒక్కటే కాదు, రెండు మలుపుల అవతల దుమ్ము లేస్తుందా అని చూస్తూ ఉండాలి.

అంత నెమ్మదిగా పోతాం కాబట్టే కొండ కనిపిస్తుంది మామా. ఒక మలుపులో రాయి బూడిద రంగు, ఇంకో మలుపులో ఎర్రబారి, కింద ఇంకా పాత పొరలు. అంతా ఒకప్పుడు సముద్రమే. రోడ్డు పక్క బండలో గవ్వల ముద్రలు వేలితో తడిమి చూశాను. మధ్యలో ఒంటి తుమ్మ చెట్లు, వాటి కింద మేకలు. అంతకుమించి పచ్చదనం లేదు. అమలాపురం కుర్రాడు "ఇక్కడ మనుషులెలా బతుకుతారండీ" అని అడుగుతూనే ఉన్నాడు.

హత్ అనే చిన్న పల్లె దాటి ఒక వంపు తిరిగాం. కింద బలద్ సైత్! కొండ గోడల మధ్య గిన్నెలో పోసినట్టు ఖర్జూరం తోట. దాని పైన మట్టి రంగు ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి. మెట్లు మెట్లుగా మళ్ళు, వాటిలో లూసర్న్ గడ్డి, వెల్లుల్లి, గోధుమ. మా వాడు ప్రశ్నలు ఆపేశాడు.

బండ్లు ఊరి బయటే ఆపి నడిచి పోయాం. ఊళ్ళోకి బండి తీసుకుపోతే వాళ్ళకు ఇష్టం ఉండదు, న్యాయమే కదా. అక్కడ చూశా ఫలజ్. కొండ మొదట్లో ఊటలున్నాయి. ఆ నీళ్ళను జానెడు వెడల్పు కాలవలో, బండ అంచు వెంట, ఒక్క చుక్క పొల్లుపోకుండా ఊరికి తెస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు, వాలే దాని బలం. మొదట తాగే నీళ్ళు, తర్వాత మసీదు, స్నానాలు, తర్వాత ఖర్జూరం తోట, ఆ పైన మిగిలితేనే ఏడాది పంటలు. నీళ్ళు తగ్గిన ఏడు పంట మడి ఎండబెట్టుకుంటారు గానీ ఖర్జూరాన్ని ఎండనివ్వరు. ఎందుకంటే పంట మళ్ళీ ఏడు వేసుకోవచ్చు, చెట్టు పోతే తరం పోయినట్టే.

వంతుల పద్ధతి నీకు వివరంగా చెప్పాలి. భూమి వేరు, నీళ్ళ వాటా వేరు. వాటాకు కొలత అథర్, అంటే సుమారు అరగంట పారకం. పగలు ఎండలో నిలబెట్టిన కర్ర నీడను బట్టి, రాత్రి ఫలానా చుక్క ఫలానా కొండ అంచు మీదికి రావడాన్ని బట్టి లెక్కపెట్టేవాళ్ళట. ఇప్పుడు చేతి గడియారం. కొన్ని వాటాలు ఫలజ్‌వే. వాటిని వేలం వేసి ఆ డబ్బుతో కాలవ పూడిక తీస్తారు, పగుళ్ళు పూడుస్తారు. మేం నిలబడి ఉండగానే ఒక పెద్దాయన వచ్చాడు. తన మడి తూముకు అడ్డంగా గుడ్డ చుట్టిన రాయి ఉంది. గడియారం చూసుకుని, రాయి తీసి, అదే రాయిని కాలవకు అడ్డం పెట్టాడు. నీళ్ళు మడిలోకి మళ్ళాయి. అప్పటికే ఆ తర్వాతి వంతు వాడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మాట లేదు, గొడవ లేదు. మా మిత్రుడి నాయనమ్మ వాటా ఇప్పటికీ ఆమె పేరు మీదే నడుస్తోంది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

మామా, మన అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. మస్కట్‌లో 100 పడితే ఎక్కువ, ఈ కొండల్లో 300 దాకా. మనకంటే సగం వానతో వాళ్ళు తరతరాలుగా తోట నిలబెట్టుకున్నారు. ఒమాన్‌లో ఇట్లాంటి పారే ఫలజ్‌లు దాదాపు 3,000 ఉన్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టింది. మనకూ గొలుసుకట్టు చెరువులుండేవి, వంతుల ప్రకారం నీళ్ళు వదిలే నీరుగంటి ఉండేవాడు, మీ తాత చెప్పేవాడు గుర్తుందా? ఎవరి బోరు వాళ్ళది అయ్యాక వంతు అనే మాటే పోయింది. నువ్వు ఆ గట్టు మీద నిలబడి చూడాలని నాకెంతో ఉంది. నేను చూస్తే వింత. నువ్వు చూస్తే పనికొచ్చే సంగతి.

అక్కడి నుంచి వాదీ బనీ ఔఫ్ అడుగున రుస్తాక్ వైపు బయటికి. వాదీ అంటే ఎండిన ఏరు, అందులోనే దారి. కొండల మధ్య ఉన్నట్టుండి పచ్చగా ఒక ఫుట్‌బాల్ గ్రౌండు, సాయంత్రం పిల్లలు ఆడుకుంటున్నారు. మా కుర్రాడు ఆగమని బతిమాలి కాసేపు వాళ్ళతో ఆడాడు కూడా. ఆ వాదీలో ఒకటే భయం, వాన. మన నెత్తిన ఎండ కాస్తున్నా ఎక్కడో పైన కొండ మీద మేఘం పగిలితే చాలు, రాతి మీద నీళ్ళు ఇంకవు, అంతా ఒక్కసారే గోడలా వస్తుంది. ల్యాండ్ క్రూజర్లను కూడా కొట్టుకుపోయేలా చేసింది. పారే వాదీలోకి బండి దించితే ఈ దేశంలో నేరం, శిక్ష వేస్తారు. బయలుదేరేముందు ఆకాశం ఒక్కటే కాదు, కొండ అవతలి వాతావరణ సూచన కూడా చూసుకోవాలి.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. కొంతమంది దారి వదిలేసి గులక మైదానాల మీద సరదాకు గిరగిరా తిప్పుతారు. ఆ చక్రాల గుర్తులు ఏళ్ళ తరబడి చెరగవు, వాన లేని నేల కదా. చూస్తే ఒళ్ళు మండుతుంది.

జబల్ షమ్స్ అనే కొండ గురించి రాయనే లేదు. అక్కడ లోయ ఇంకా లోతు, రాత్రి చలి చంపేస్తుంది, అంచున నిలబడితే కింద గద్దల వీపులు కనిపిస్తాయి. జబల్ అఖ్దర్ అనే ఇంకో కొండ మీద ఏప్రిల్‌లో గులాబీలు పూస్తాయి, ఊళ్ళో పన్నీరు కాస్తారు. ఆ దారిలో పోలీసులు ఫోర్ వీల్ బండిని తప్ప పైకి వదలరు. ఇవన్నీ నువ్వు వచ్చాక.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల రా. ఎండాకాలం వద్దు, మస్కట్‌లో 45 డిగ్రీలు దాటుతుంది. వేరుశనగ ఇంటికి చేరాక టికెట్ చూసుకో, నేను సెలవు పెడతా. జర్కిన్ ఒకటి, గట్టి బూట్లు తెచ్చుకో, చెప్పులతో ఆ బండల మీద నడవలేవు. అమ్మను అడిగానని చెప్పు. వదినకూ చెప్పు, ఆమె పంపిన నువ్వుల పొడి మొత్తం ఆ దారిలో రొట్టెల్లోకి ఖర్చయిపోయింది. ఒమానీ మిత్రుడికి తెగ నచ్చింది, వచ్చేటప్పుడు ఆయన కోసం ఇంకో డబ్బా తేవాలి.

నీ,
మస్కట్ మామ