గండికోటలో పొద్దు కుంకాక దారేదండీ, మంత్రి గారూ?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. సంతోషం. ఆ పరిష్కారం ఏ బండ కింద ఉందో చెబితే పోయి చూసొస్తాను. మాది పక్కనే జమ్మలమడుగు.

2024 నవంబరులో గండికోటకు కేంద్రం 77.91 కోట్లు ఇచ్చిందని పేపర్లో చూసి పొంగిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ని. నేను అడిగేది అందులో చిల్లర ఖర్చు. మసీదు, ధాన్యాగారం దాటి లోయ అంచుకు పోయే పది నిమిషాల నడక గురించి. అసలు అది దారి కాదు. బండల మీద ముందు పోయినవాళ్ల వెనక పోవడమే.

పోయేటప్పుడు వెలుతురుంటుంది కాబట్టి ఎలాగో పోతాం. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న కింద పచ్చగా కనిపిస్తే కాళ్ల నొప్పి గుర్తుకు రాదు. అందరూ సూర్యాస్తమయం దాకా కూర్చుంటారు, దానికోసమే కదా వచ్చేది! తిప్పలు ఆ తర్వాతే. ఒక్క లైటు లేదు, బాణం గుర్తు లేదు. పోయిన నెల మా అమ్మను తీసుకెళ్లాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఒక చేత్తో ఫోన్ లైటు, ఇంకో చేత్తో అమ్మను పట్టుకుని దిగుతుంటే రెండుసార్లు దారి తప్పాం. "యాడికి పోతాండామురా" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. అటు అడుగు వేస్తే లోయ, కంచె లేదు. చంకలో పసిబిడ్డతో ఒకామె మా వెనకే, మాకు దారి తెలుసనుకుని వస్తోంది! ఆ టెన్షన్ మీకెలా చెప్పాలి?

రక్షిత కట్టడాలకు 100 మీటర్లలోపు కొత్త నిర్మాణాలు కూడదంటారు. తెలుసు సార్. మేడలు కట్టమనలేదు. దారి చూపే బోర్డులు, మోకాలెత్తు సోలార్ దీపాలు, జనం నిలబడే చోట ఒక కంచె. అనుమతి కావాలంటే అడగండి, అడిగితేనే కదా వచ్చేది. చీకటి పడ్డాక అక్కడ ఒక మనిషినైనా పెట్టండి. అదీ కాకపోతే బోర్డులు చాలు, బోర్డులైనా పెట్టండి సార్.

ఒక సాయంత్రం మీరే రండి, కాన్వాయ్ లేకుండా. పొద్దు కుంకేదాకా కూర్చుని నడిచి వెనక్కి రండి. టార్చి నేను తెస్తాను.

ఇట్లు,
జమ్మలమడుగు వాసి