నాలుగు కాలేజీల కోఆర్డినేటర్ గారికి

నిజామాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

మొన్న నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. "హెడ్‌షిప్ ఒక్కటే అనుకున్నాన్రా, నాలుగు కాలేజీల ప్రాజెక్టు కూడా తెచ్చి నా మెడకే చుట్టారు" అన్నప్పుడు నీ గొంతులో అచ్చం వైవా ముందురోజు టెన్షనే వినపడింది. ఫోన్లో నేనేం చెప్పినా మధ్యలో అడ్డం తగులుతావు. అందుకే ఈ ఉత్తరం. చాయ్ పెట్టుకుని తీరిగ్గా చదువు.

ఓయూలో మన మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ గుర్తుందా, కాంతిని రెండుగా చీల్చి మళ్ళీ కలిపి చారలు చూపించే ఆ పెట్టె? పగలు దాంతో పనే అయ్యేది కాదు. రోడ్డు మీద బస్సు పోతే ఫ్రింజెస్, అదే ఆ చారలు, వణికేవి, అటెండర్ కుర్చీ జరిపితే చెరిగిపోయేవి. రాత్రి ఎనిమిది దాటాక, చెప్పులు బయట విడిచి, ఊపిరి బిగబట్టి లెక్కపెట్టేవాళ్ళం. నలభై మూడు దగ్గర నువ్వు తుమ్మావు. మళ్ళీ ఒకటి నుంచి మొదలు!

గురుత్వాకర్షణ తరంగాలను, అంటే అంతరిక్షంలో భారీ వస్తువుల కదలికతో పుట్టే అలలను, పట్టడానికి కట్టిన లైగో కూడా మూలంలో ఆ పెట్టెలాంటిదే. కాకపోతే కాంతి వెళ్ళొచ్చే ఒక్కో చేయి పొడవు 4 కిలోమీటర్లు. ఒక యంత్రం అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో, ఇంకొకటి లూసియానాలోని లివింగ్‌స్టన్‌లో. లివింగ్‌స్టన్ వాళ్ళదీ మన కష్టమే. చుట్టుపక్కల అడవిలో చెట్లు కొట్టే పనులకు నేల అదిరిపోయి, మొదట్లో పగటిపూట యంత్రం నిలకడగా ఉండేది కాదు. కింద అదురు తగ్గించే ఏర్పాటు చేశాకే కుదుటపడింది. ఇది తెలిసినప్పుడు నాకెంత హాయి అనిపించిందో! వాళ్ళకూ తుమ్ములున్నాయన్నమాట.

అసలు చెప్పదలచుకున్నది బ్యారీ బారిష్ గురించి. లైగో పనికి 2017 ఫిజిక్స్ నోబెల్ వచ్చినప్పుడు మనవాళ్ళంతా కిప్ థోర్న్, రైనర్ వైస్ పేర్లే చెప్పుకున్నారు. లైగో ఆలోచన వాళ్ళది, స్కాట్లాండ్ నుంచి అమెరికాలోని కాల్టెక్ యూనివర్సిటీకి వచ్చిన రోనాల్డ్ డ్రీవర్‌ది. మొదట్లో ఆ ముగ్గురే నడిపారు. ముగ్గురూ మేధావులే, కానీ మాట కలిసేది కాదు. 1987లో ఒక్క డైరెక్టర్‌ని పెట్టినా గొడవలు సద్దుమణగలేదు. చివరికి 1992లో డ్రీవర్‌ని ప్రాజెక్టు నుంచి తప్పించేదాకా పోయింది. చేతిలో అంత గొప్ప ఆలోచన ఉన్నా బండి ముందుకు కదలడం లేదు.

బారిష్ 1994లో వచ్చాడు. ఆయనది ఈ రంగం కాదు, కణ భౌతికశాస్త్రం. టెక్సాస్‌లో తవ్వుతున్న పెద్ద కొలైడర్ (కణాలను ఢీకొట్టించే యంత్రం) కోసం ఒక డిటెక్టర్ బృందానికి నాయకత్వం వహిస్తుండగా, 1993 అక్టోబర్‌లో అమెరికా కాంగ్రెస్ ఆ కొలైడర్‌నే రద్దు చేసింది. అప్పటికే కిలోమీటర్ల కొద్దీ సొరంగం తవ్వేశారు. మనమైతే ఆరు నెలలు ముసుగుతన్ని పడుకుంటాం. ఆయన లైగో పగ్గాలు తీసుకుని, ఆ కొలైడర్ దగ్గర పని పోయిన అనుభవజ్ఞులైన ఇంజనీర్లను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. అక్కడ ఇల్లు కూలితే, ఆ తాపీమేస్త్రీలతోనే ఇక్కడ గోడ లేపాడు.

తర్వాత చేసింది ఇంకా తమాషా. కష్టాల్లో ఉన్న ప్రాజెక్టుకి ఎవరైనా ఖర్చు తగ్గించి చూపిస్తారు కదా? ఈయన పాత అంచనా కన్నా 40 శాతం ఎక్కువ అడిగాడు. మొత్తం 39.5 కోట్ల డాలర్లు. సైన్స్‌కి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అప్పటిదాకా అంత పెద్ద ప్రాజెక్టుకి డబ్బు ఇవ్వలేదు. పైగా, మొదట కట్టే యంత్రానికి తరంగాలు దొరకకపోవచ్చని ముందే ఒప్పుకున్నాడు. దాంతో పని నేర్చుకుంటాం, అదే భవనంలో, అదే గొట్టాల్లో తర్వాత ఇంకా సున్నితమైన యంత్రం పెడతాం అన్నాడు. అలాగే జరిగింది. 2002 నుంచి 2010 దాకా మొదటి యంత్రం నడిచింది, ఒక్క తరంగమూ చిక్కలేదు. ఎనిమిదేళ్ళు సున్నా! మన దగ్గర మూడో నెలలోనే ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో "ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నాయి" అని రాసేస్తాం, నువ్వూ రాశావు, నేనూ రాశాను.

నీకు బాగా పనికొచ్చేది మాత్రం 1997లో ఆయన చేసిన పని. సంస్థను రెండుగా విడదీశాడు. యంత్రాన్ని కట్టి నడిపేది లైగో ల్యాబ్, అంటే కాల్టెక్, ఎంఐటీ. దాంతో సైన్స్ చేసేది లైగో సైంటిఫిక్ కొలాబరేషన్. అందులో బయటి యూనివర్సిటీల వాళ్ళకీ ల్యాబ్ వాళ్ళతో సమానంగా చోటు. దాని ప్రతినిధిని సభ్యులే ఎన్నుకుంటారు. 2016లో ఆ కుర్చీలో ఉన్నది గాబ్రియేలా గొంజాలెజ్. నీ ప్రాజెక్టులోనూ పరికరం ఉన్న కాలేజీ వాళ్ళు "మాది" అంటారు, మిగతా మూడు కాలేజీల వాళ్ళు మూతి ముడుస్తారు. పరికరం తాళంచెవి ఎవరిదో, డేటా ఎవరిదో మొదటి మీటింగ్‌లోనే వేరుచేసి రాసి పెట్టు. ఆ రోజు బిస్కెట్లు కాస్త ఎక్కువే తెప్పించు.

ఇంకోటి చెప్పాలి. 2010 సెప్టెంబర్‌లో వాళ్ళ డేటాలో ఒక సిగ్నల్ కనపడింది. నెలల తరబడి విశ్లేషించి, పేపర్ మొత్తం రాసేశారు. 2011 మార్చిలో కాలిఫోర్నియాలోని ఒక సమావేశంలో అందరి ముందూ కవరు విప్పారు. చూస్తే అది బృందాన్ని పరీక్షించడానికి కొద్దిమంది రహస్యంగా చొప్పించిన దొంగ సిగ్నల్! అలాంటి పరీక్ష జరగొచ్చని ముందే అందరూ ఒప్పుకున్నారు కాబట్టి ఎవరూ అలగలేదు. ఆ కథ చదివి మా డిపార్ట్‌మెంట్‌ని ఊహించుకున్నాను. అలాంటి కవరు విప్పి నేను ఇంటికి క్షేమంగా చేరేవాణ్ణి కాదు.

అసలుది 2015 సెప్టెంబర్ 14న వచ్చింది. లివింగ్‌స్టన్‌లో ఇద్దరు రాత్రంతా యంత్రం మీద పరీక్షలు చేసి, తెల్లవారుజామున ఆపేసి వెళ్ళిన కాసేపటికే. ముందు లివింగ్‌స్టన్, 7 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు కలిసిపోతే, ఇక్కడ అద్దాల మధ్య దూరంలో వచ్చిన తేడా ప్రోటాన్ కన్నా వందల రెట్లు చిన్నది. ఈసారి కూడా దొంగదేనేమో అని మొదట అడిగారట పాపం! పేపర్ మీద వెయ్యి మందికి పైగా పేర్లు, అక్షరక్రమంలో. మొదటి పేరు అబాట్. ఫస్ట్ ఆథర్ ఎవరని నీ దగ్గర కొట్లాట వస్తే ఈ కాగితం చూపించు.

అప్పటికి బారిష్ ఆ డైరెక్టర్ కుర్చీ వదిలి పదేళ్ళు. 2005లోనే ఇంకో అంతర్జాతీయ కొలైడర్ డిజైన్‌కి నాయకుడిగా వెళ్ళిపోయాడు. నోబెల్‌లో సగం వైస్‌కి, మిగతా సగం బారిష్, థోర్న్‌లకి. డ్రీవర్ 2017 మార్చిలోనే చనిపోయాడు, అక్టోబర్‌లో నోబెల్ ప్రకటించేదాకా లేడు. అది మాత్రం నాకు ఇప్పటికీ గొంతులో ముల్లులాగే ఉంటుంది.

నా సంగతి నీకు తెలిసిందే. నేను హెడ్‌గా ఉన్నప్పుడు తెప్పించిన స్పెక్ట్రోమీటర్ పదకొండు నెలలు పెట్టెలోనే ఉంది. కొటేషన్లు, సంతకాలు, ప్రారంభోత్సవం, రిబ్బన్ అన్నీ చూసుకున్నాను. గదిలో ఎర్తింగ్ లేదన్న సంగతి ఎవరూ చూడలేదు. దాన్ని నడిపే కుర్రాణ్ణీ అనుకోలేదు. తప్పు నాదేరా, కాలేజీని తిట్టుకుని లాభం లేదు. రిబ్బన్ కన్నా ముందు ప్లగ్ పాయింట్ చూడు.

లైగో మూడో యంత్రం మనకు దగ్గర్లోనే రాబోతోంది, తెలుసుగా? మహారాష్ట్ర హింగోలి జిల్లాలో, ఔంఢా దగ్గర. 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్ల రూపాయలకు ఆమోదం వచ్చింది. ఔంఢా నాగనాథ్ గుడికి మా అమ్మని తీసుకెళ్ళినప్పుడు ఆ చుట్టుపక్కల పొలాల్లో నిలబడి చూశాను. బస్సు చప్పుడు లేదు, మనిషి అలికిడి లేదు. మనం పగలే ఫ్రింజెస్ లెక్కపెట్టుకోవచ్చనిపించింది.

దసరా సెలవుల్లో వదినని, పిల్లల్ని తీసుకుని రా. నాందేడ్ మీదుగా కార్లో పోయొద్దాం. నీ పాత ల్యాబ్ రికార్డు అటక మీద ఉంటే అదీ తీసుకురా, ఆ తరంగదైర్ఘ్యం తప్పు నీదో నాదో ఇప్పటికైనా తేల్చుకుందాం.

ఉంటాను,
నీ రాజుగాడు