గ్యాలరీ కార్యక్రమాలు జరగకముందే వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ బెంగళూరు పేజీలో గుళ్లలో జరిగే కల్యాణాలు, అయ్యప్ప పడిపూజలు, తెలుగు సంఘాల వనభోజనాలు, కొత్త సినిమా ఆడే థియేటర్లు ముందుగానే వేస్తారు. ఈ నగరంలోని ఆర్ట్ గ్యాలరీల్లో చలికాలం జరిగే ప్రదర్శనలు, కచేరీలు, వర్క్‌షాపుల వివరాలు కూడా అలాగే వారం ముందు వేయమని అడగడానికే ఈ ఉత్తరం. జరిగిపోయాక మీరు ఫొటో వేస్తున్నారు. మాకు కావలసింది జరగబోయేదాని కబురు.

నాది ధర్మవరం. రామమూర్తి నగర్‌లో మగ్గం వర్క్ షాపు నడుపుతాను. పెళ్లి బ్లౌజులే మా బతుకు. శ్రావణం, మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే రాత్రి పదకొండైనా మగ్గం మీంచి లేవలేం. డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం పట్టగానే ముహూర్తాలు ఆగిపోతాయి, సంక్రాంతి దాకా పని పలచబడుతుంది. మాకే కాదు, బ్యాండు మేళం వాళ్లకి, పెళ్లి ఫొటోగ్రాఫర్లకి, వంటవాళ్లకి, స్టేజీ డెకరేషన్ చేసేవాళ్లకి కూడా అంతే. మా ఏరియాలో, కేఆర్ పురంలో, మారతహళ్లిలో ఇలాంటి పనుల మీద బతికే తెలుగువాళ్లు ఎంతోమంది. సరిగ్గా ఆ రోజుల్లోనే గ్యాలరీల్లో సందడి ఉంటుంది. వానల భయం ఉండదు, ఎండ మాడ్చదు, చెట్ల కింద కచేరీ పెట్టుకోవచ్చు. మాకు తీరిక దొరికేదీ, అక్కడ చూడదగ్గవి ఉండేదీ ఒకే నెలలో. ఆ సంగతి తెలుగులో చెప్పేవాళ్లే లేరు.

ప్యాలెస్ రోడ్డులోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ 2009లో మొదలైంది. ఢిల్లీ, ముంబై తర్వాత దేశంలో మూడోది. మాణిక్యవేలు మొదలియార్ అనే గనుల యజమాని ఒకప్పుడు ఉన్న బంగళా అది. టికెట్ 20 రూపాయలు. పోయిన ధనుర్మాసంలో మా షాపులో పనిచేసే బెంగాలీ కుర్రాళ్లను అక్కడికి తీసుకెళ్లాను. వాళ్లలో ఒకడు జామినీ రాయ్ బొమ్మ ముందు నిలబడి కదల్లేదు. జామినీ రాయ్ బాంకురా జిల్లా మనిషి. మొదట్లో ఇంగ్లీషు పద్ధతిలో ఆయిల్ పెయింటింగులు వేసి, తర్వాత అవన్నీ మానేసి, పల్లెల్లో పటాలు గీసేవాళ్ల దిట్టమైన గీతనీ మట్టి రంగుల్నీ పట్టుకున్నాడు. మావాడిదీ అదే జిల్లా. తన జిల్లావాడి బొమ్మ ఇంత పెద్ద బంగళాలో గోడమీద ఉందని వాడికి అప్పటిదాకా తెలియదు. ఆ సాయంత్రం షాపుకొచ్చి ట్రేసింగ్ పేపర్ మీద ఆ బొమ్మలోని పొడుగు కళ్లు గీసి చూపించాడు. నేను నేర్పితే వచ్చే పని కాదది.

కుమారకృపా రోడ్డులోని చిత్రకళా పరిషత్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1960లో మొదలైన సంస్థ. దాన్ని నిలబెట్టిన ఎం.ఎస్. నంజుండరావు గారు కర్ణాటక పల్లెలు తిరిగి తోలుబొమ్మలు సేకరించారు. అక్కడ వాటిని చూస్తే మా ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంట గుర్తుకు రాకుండా ఉంటుందా! నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రెండు చోట్ల బొమ్మలూ చూసిన కంటికి తేడా తెలుస్తుంది. మన బొమ్మలు పెద్దవి, కాళ్లూ చేతులూ విడివిడిగా కదులుతాయి. కన్నడ బొమ్మల్లో ఒకే తోలు ముక్క మీద మొత్తం సన్నివేశం, నలుగురైదుగురు మనుషులు, చెట్టు, రథం అన్నీ కలిపి కోసినవి కూడా ఉంటాయి. ఇక ఆ నగల చుట్టూ పొడిచిన చిల్లులు! తెర వెనక దీపం వెలుగు వాటిలోంచి వస్తేనే వడ్డాణం వడ్డాణంలా మెరుస్తుంది. మేమూ ట్రేసింగ్ పేపర్ మీద సూదితో చిల్లులు పొడిచి, పైన పొడి రుద్ది డిజైన్‌ని గుడ్డ మీదికి దించుతాం. వాళ్లది వెలుతురు కోసం, మాది పొడి కోసం. చేతి పని మాత్రం ఒకటే. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, దగ్గరగా నిలబడి చూస్తే తెలిసింది. మా ఊళ్లలో ఆ బొమ్మలాట ఆడే కుటుంబాలు ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడుకుంటూ, తెర వెనక నుంచి రామాయణం తెలుగులో చెబుతాయి. ఇవన్నీ తెలిసిన మనవాళ్లు పిల్లల్ని తీసుకుని ఆ గదుల్లోకి వెళ్తే ఎంత చెప్పుకోవచ్చు!

కచేరీల సంగతి. పోయిన చలికాలం ఒక గ్యాలరీ ఆవరణలో వీణ వాయిస్తూ పాడిన కచేరీ విన్నాను. పక్కింటి కన్నడ ఆవిడ చెబితే వెళ్లాను. పాడినవాటిలో ఎక్కువ తెలుగు కృతులే. త్యాగరాజస్వామివి సరే, మైసూరు వాసుదేవాచార్యులు కూడా ఎక్కువగా తెలుగులో, సంస్కృతంలోనే రాశారు కదా. వింటున్నవాళ్లు మాత్రం దాదాపు అందరూ కన్నడం, తమిళం మాట్లాడేవాళ్లు. ప్రతి మాటా తెలిసిన మనం ఆ కుర్చీల్లో లేకపోవడం నాకు చాలా బాధనిపించింది. బొమ్మల చోట పాటేమిటని అనుకునేవాళ్లకి కె. వెంకటప్ప గారి గురించి చెప్పాలి. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర చిత్రకళ నేర్చుకున్న ఆయన, తర్వాత వీణ శేషణ్ణ గారి దగ్గర వీణ కూడా నేర్చుకున్నారు. కస్తూర్బా రోడ్డులో గ్యాలరీ ఉన్నది ఆయన పేరు మీదే.

నేను పోగొట్టుకున్నది ఒకటుంది. ఒక గ్యాలరీలో రేకు మీద చెక్కి ప్రింట్లు తీసే పద్ధతి చూపించారు, చూసేవాళ్లచేత కూడా చేయించారు. మన చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్ వెళ్లిన కృష్ణారెడ్డి గారు పెంచిన పద్ధతట. ఒకే రేకు మీద గాట్లు వేర్వేరు లోతుల్లో ఉంటాయి. రంగుల్లో నూనె పాళ్లు మార్చి, మెత్తటి రోలరుతో ఒకటి, గట్టి రోలరుతో ఒకటి పూస్తే, ఆ రంగులు ఒకదాంతో ఒకటి కలిసిపోకుండా, ఒక్క అచ్చులోనే అన్నీ కాగితం మీదికి వస్తాయి. రంగుల మీద బతికే నాలాంటిదానికి అది ఎంత పనికొచ్చేదో! ఆ వారం షాపులో పని కూడా లేదు. మర్నాడు పేపర్లో ఫొటో చూశాక గానీ జరిగినట్టు తెలియలేదు.

జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు మొత్తం మూసి చిత్ర సంతె పెడతారు. ఇరవై ఏళ్లు దాటింది మొదలై. వేరే రాష్ట్రాల నుంచి కూడా చిత్రకారులు వచ్చి బొమ్మలు రోడ్డు పక్కనే పరుస్తారు, వందల్లో దొరికేవీ ఉంటాయి, లక్షల్లో పలికేవీ ఉంటాయి. దానికి మీరు రాసినా రాయకపోయినా జనం వస్తారు. మీ సాయం కావలసింది చిన్న కార్యక్రమాలకి.

వేసేటప్పుడు పేరు, తేదీ ఒక్కటే సరిపోదని నా మనవి. మా వీధిలో ఆడవాళ్లని పిలిస్తే వాళ్లు మొదట అడిగేది "మనల్ని లోపలికి రానిస్తారా అక్కా?" అని. పాస్ ఉండాలేమో, ఇంగ్లీషు రావాలేమో, మంచి బట్టలు కట్టుకోవాలేమో అని టెన్షన్. అందుకని టికెట్టా ఉచితమా, ముందే పేరు నమోదు చేసుకోవాలా, పిల్లల్ని తేవచ్చా, ఎన్నింటికి మూసేస్తారు అన్నది రాయండి. నేషనల్ గ్యాలరీకి సోమవారం సెలవని రాయండి, ఒక్క రోజు తీరిక దొరికినవాళ్లు గేటు దాకా వెళ్లి తిరిగి రాకుండా ఉంటారు. దారి కూడా చెప్పండి. మా వైపు నుంచి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి విధానసౌధ దగ్గర దిగితే అక్కణ్ణుంచి ఆటో చాలు. బొమ్మల గురించి పెద్ద వ్యాసం అక్కర్లేదు, ఎవరు వేశారు, ఏ ఊరు, దేంతో వేశారు, ఈ మూడూ ఉంటే చాలు. మిగతాది మేం చూసి తెలుసుకుంటాం.

గ్యాలరీల నోటీసులు ఎక్కువగా ఇంగ్లీషులో, కన్నడంలో వస్తాయి. మీ విలేకరులకు అవి తెచ్చుకోవడం కష్టం కాదనుకుంటాను. ధనుర్మాసం పట్టేలోపు మొదటి జాబితా వేయగలిగితే, దాన్ని కత్తిరించి మా షాపు అద్దానికి అంటిస్తాను. బ్లౌజు కొలతలు ఇవ్వడానికి వచ్చేవాళ్లందరూ చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు.