తోలుబొమ్మకు వెనక వెలుగు కావాలి

సంపాదకులకు,

చెన్నైలో జానపద కళల ప్రదర్శనల్లో తోలుబొమ్మలను అట్టకు అంటించి, ఎదురుగా లైటు వేస్తున్నారు. ఇక రంగేం కనబడుతుంది, తొలిచిన చిల్లులేం కనబడతాయి? ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంటలో మేకతోలును పలచగా గీకేదే వెలుగు దాటడానికి! బొమ్మ వెనక ఎల్‌ఈడీ, ముందు తెల్లగుడ్డ చాలు. వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాటనివ్వకూడదు, రంగులు వెలిసిపోతాయి.

పగలంతా ఏసీ నడిపి రాత్రి ఆపేయడం మరీ అన్యాయం. ఏసీలో ఎండి ముడుచుకున్న తోలు, ఆపగానే సముద్రపు తేమ పీల్చి బూజు పడుతుంది. గదిలో గాలి తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉండాలి. నడుమ వెదురుబద్దను, మోచేతి దారపు ముడులను తీసేయొద్దు. ఆటంతా వాటిలోనే ఉంది. ఒకే మేకుకు వేలాడదీస్తే బరువుకు చిల్లుల దగ్గరే చినుగుతుంది. అన్నట్టు, బొమ్మ పక్కన పెట్టే చీటీలో పాత్ర పేరుతోపాటు బొమ్మ చేసిన ఊరి పేరూ తెలుగులో రాయించండి.

– ఒక పాఠకుడు, చెన్నై