ఏ లివర్ ఏం చేస్తుందో అడిగారా?

సంపాదకులకు,

ఎక్స్‌కవేటర్ బకెట్ తగిలి మనిషి పోయాడని వార్త వచ్చినప్పుడల్లా చివరి మాట నాకు చదవకుండానే తెలిసిపోతుంది: ‘ఆపరేటర్ నిర్లక్ష్యమే కారణం’. 19 ఏళ్లుగా ఆ సీట్లో కూర్చుంటున్నవాణ్ని. మాలో నిర్లక్ష్యం చేసేవాళ్లు లేరని అనను. కానీ ఆ రోజు ఆ బండిలో ఏ లివర్ ఏం చేస్తోందో ఎవరూ అడిగిన పాపాన పోరు.

ఈమధ్య నా బండి రిపేరుకు వెళ్తే వేరే సైటు నుంచి ఇంకోటి తెచ్చి ఇచ్చారు. రంగు అదే, సైజు అదే. ఎక్కగానే ఖాళీ జాగాలో ఆడించి చూశాను. ఎడమ లివర్ పక్కకు నెడితే బండి తిరిగింది. కుడి లివర్ లోపలికి నెడితే బకెట్ ముడుచుకుంది. మామూలే కదా అనుకున్నాను. మోసం అక్కడే ఉంది. మా బళ్లలో లివర్ల అమరిక ప్రధానంగా రెండు రకాలు, ఐఎస్‌ఓ, ఎస్‌ఏఈ అని. తిరగడం, బకెట్ రెండింట్లోనూ ఒకేలా ఉంటాయి. బూమ్ (బండికి తగిలి ఉండే పెద్ద చెయ్యి), ఆర్మ్ (దాని చివర బకెట్‌ను మోసే చిన్న చెయ్యి) మాత్రం తారుమారవుతాయి. ఐఎస్‌ఓలో కుడి లివర్ వెనక్కి లాగితే బూమ్ పైకి లేస్తుంది. ఎస్‌ఏఈలో అలాగే లాగితే ఆర్మ్ ముడుచుకుని బకెట్ మన వైపు వస్తుంది.

మట్టి తీయబోతే మొదటి బకెట్‌కే సంగతి తెలిసిపోయింది: నా బండి ఐఎస్‌ఓ, ఇది ఎస్‌ఏఈ. మెల్లగా చేసుకుంటూ పోయాను, గంటలో చెయ్యి అలవాటు పడిందనే అనుకున్నాను. మధ్యాహ్నం కందకంలో పైపు సర్దుతున్న హెల్పర్ మట్టి పెళ్ల జారిందని కేక పెట్టాడు. బకెట్ పైకి లేపాలి. ఆలోచించే టైమేదీ? పాత అలవాటు కొద్దీ కుడి లివర్ వెనక్కి లాగాను. బకెట్ లేవలేదు, అతని మీదికి వచ్చింది. లివర్ వదిలేశాను. హెల్మెట్‌కీ బకెట్ పళ్లకీ మధ్య జానెడు మిగిలింది. బకెట్‌కీ బండికీ మధ్య అతను ఉండటమే తప్పు, చూస్తూ నేను ఒప్పుకోవడం ఇంకా తప్పు. అది నాదే. కానీ ఆ జానెడు లేకపోతే మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ఒక్క మాటే.

కొన్ని బళ్లలో ఈ అమరికను మార్చే వాల్వ్ ఉంటుంది. ఒక షిఫ్టు వాళ్లు తమకు వీలుగా తిప్పుకుంటారు, చెప్పకుండా దిగిపోతారు. ఏ అమరికలో ఉందో చూపే స్టిక్కర్ కళ్లెదురుగా ఉండాలి. నాకిచ్చిన బండిలో అది ఎండకు వెలిసిపోయి ఒక బాణం గుర్తు మాత్రం మిగిలింది.

అటాచ్‌మెంట్ల తీరు ఇంతకన్నా అన్యాయం. బకెట్ తీసి బ్రేకర్ (రాళ్లు పగలగొట్టే సుత్తి) చకచకా తగిలించుకోవడానికి ఆర్మ్ చివర క్విక్ హిచ్ అనే కొక్కెం వాడతాం. సెమీ ఆటోమేటిక్ రకంలో హుక్కు పట్టుకున్నాక మనిషి వెళ్లి సేఫ్టీ పిన్ను చేత్తో పెట్టాలి. ఆ పిన్ను ఎక్కడో పోతుంది. దాని బదులు చువ్వ ముక్క దోపుతారు. అదీ దొరక్కపోతే ‘ఇవాల్టికి కానిచ్చెయ్’ అంటారు. హుక్కును పట్టి ఉంచే ఆయిల్ ప్రెషర్ దిగిపోయిందంటే టన్ను దాకా తూగే బకెట్‌ను ఆపాల్సింది ఆ పిన్నే. అటాచ్‌మెంట్ అనుకోకుండా ఊడిపడకూడదని 2016లోనే ఐఎస్‌ఓ 13031 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. పాత హిచ్‌లు ఇంకా సైట్లలో తిరుగుతూనే ఉన్నాయి.

పిన్ను ఉన్నా సరే, మార్చిన ప్రతిసారీ బకెట్‌ను నేలకు ఆనించి నొక్కి, ముడిచి, నేలకు దగ్గర్లోనే విదిలించి చూస్తాను. క్యాబిన్‌లోంచి చూస్తే సగం పట్టిన హుక్కు కూడా పూర్తిగా పట్టినట్టే ఉంటుంది మరి. నిమిషం పని. ఆ నిమిషానికే సూపర్‌వైజర్ వాచీ చూసుకుంటాడు. ఇక లోపలి బుష్ (ఉలిని కదలకుండా పట్టే రింగు) అరిగిన బ్రేకర్ అదురుకు నా నడుము ఏమైందో రాస్తే ఈ ఉత్తరం తెమలదు.

బండి చేతులు మారినప్పుడు లివర్లు ఏ అమరికలో ఉన్నాయో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. పిన్ను లేని హిచ్ సైటు గేటు దాటి లోపలికి రాకూడదు. విలేకరులు కూడా ప్రమాదం గురించి రాసేటప్పుడు ఈ రెండూ అడిగితే బాగుంటుంది.

నా బండి హిచ్‌కు సరిపడే పిన్ను ఒకటి నా డబ్బుతోనే అదనంగా చేయించుకున్నాను. షిఫ్టు దిగేటప్పుడు తాళంచెవితో పాటు దాన్నీ తర్వాతి ఆపరేటర్ చేతిలో పెడుతున్నాను.

– ఒక ఎక్స్‌కవేటర్ ఆపరేటర్