టైరు తీగలు ఎవరు ఏరాలి?

సంపాదకులకు నమస్కారం.

మొన్న చీరాలలో ఓ రాస్తారోకో వల్ల గంటన్నర సేపు బస్సులో ఇరుక్కుపోయాను. ఎవరు చేశారో రాయను. వాళ్ళ డిమాండు న్యాయమైనదే, ఆ వినతిపత్రం మీద నేనూ సంతకం పెట్టాను. జనం వెళ్ళిపోయాక చూస్తే రోడ్డంతా నీళ్ళ ప్యాకెట్లు, బిర్యానీ పొట్లాలు, సగం కాలిన టైరు. కాసేపటికి మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె వచ్చి, కాలిన టైరులోంచి బయటపడ్డ సన్నటి ఇనప తీగల్ని వంగి చేత్తో ఒక్కొక్కటే ఏరుతోంది. చీపురుకి రావట, చిక్కుకుంటాయట.

ఇదంతా జరిగింది ఎక్కడనుకున్నారు, చీరాలలో! 1919లో చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి మున్సిపాలిటీ చేస్తే ఊరి మొత్తం మీద ఏటా 4 వేల రూపాయలు ఉన్న పన్ను దాదాపు 40 వేలైంది. నేత మీద, కూలి మీద బతికేవాళ్ళు అంత ఎక్కడ తెస్తారు? కట్టం అన్నారు. జైలుకూ వెళ్ళారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చి, పన్ను కట్టకుండా పోరాడటమో, అసలు ఊరే ఖాళీ చేసి వెళ్ళడమో మీరే తేల్చుకోండి అన్నారు. ఆ ఉద్యమాన్ని నడిపిన కాంగ్రెస్ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం రెండోదారి పట్టారు. సుమారు 15 వేల మందిలో ఎక్కువమంది సొంత ఇళ్ళు వదిలి, మండుటెండల్లో, మున్సిపాలిటీ హద్దు బయట పాకలు వేసుకున్నారు. రామనగర్ అని పేరు పెట్టుకుని ఎండకీ వానకీ ఓర్చుకుంటూ పదకొండు నెలలు ఉన్నారు. మన బంద్ సాయంత్రం ఆరింటికి అయిపోతుంది, అది వేరే సంగతి.

దుగ్గిరాల అంటే చాలామందికి గుర్తొచ్చేది ఆ చమత్కారం, ఆ పద్యాలు. నాకు మాత్రం ఆయన తయారుచేసిన రామదండు అనే వాలంటీర్ల దళమే పెద్ద పని అనిపిస్తుంది. ఎడింబరో వెళ్ళి ఎం.ఏ. చదివొచ్చిన మనిషి, కాషాయ బట్టలు, రుద్రాక్షలు వేసుకున్న వాలంటీర్లకి క్రమశిక్షణ నేర్పుతూ కూర్చున్నాడు. అదే ఏడు బెజవాడ కాంగ్రెస్ సమావేశాలకి ఇసకేస్తే రాలనంత జనం వస్తే అదుపు చేసింది వీళ్ళే. ఎదిరించడానికీ, సేవ చేయడానికీ ఒకే దండు. మనం ఆ రెంటినీ విడదీసేశాం. ధర్నాకి ఒక బ్యాచ్, రక్తదానం ఫొటోలకి ఇంకో బ్యాచ్.

నిజం చెప్పాలంటే వాళ్ళు గెలవలేదు. గోపాలకృష్ణయ్యని బరంపురంలో అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు, జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు, మున్సిపాలిటీ అలాగే ఉండిపోయింది. అయినా ఆ పదకొండు నెలల కష్టం వాళ్ళే పడ్డారు, దారిన పోయేవాడి నెత్తిన రుద్దలేదు. నా బస్సులో డయాలసిస్‌కి వెళ్తున్న ఒక పెద్దాయన ఉన్నాడు, పది నిమిషాలకోసారి టైమ్ అడుగుతూ.

రాస్తారోకోలు మానమని అనను. కానీ పిలుపునిచ్చే నాయకులకి మీ పత్రిక ద్వారా ఒక్క మాట: ఈసారి కరపత్రం వేసేటప్పుడు అంబులెన్సుకి దారి చూసేది ఎవరో, తర్వాత రోడ్డు ఊడ్చేది ఎవరో, ఓ నలుగురి పేర్లు కూడా అచ్చు వేయించండి. ఊడ్చేవాళ్ళలో నా పేరు రాసుకోండి, చీపురు నేనే తెచ్చుకుంటాను.

– ఒక పాఠకుడు, చీరాల